మెదడు చుట్టు గోడ, మందునకు దారి

మందు మ్రింగినను, సూదితో ఎక్కించుకొన్నను అది రక్తములో కలిసి ఒడలంతయు సంచరించునని మనమందఱము ఎఱుగుదుము. కాలిపుండునకు పుచ్చుకొన్న మాత్ర చేతికిని పోవును, చెవికిని పోవును. ఒక్క చోటికి మాత్రము అది సులభముగా పోజాలదు. ఆ చోటు మెదడు. వెన్నుపాము సంగతియు అంతే. మెదడు జబ్బులకు మందులు తక్కువగా ఉండుటకు వైద్యుల అశ్రద్ధ కారణము కాదు; పెక్కు మందులు సీసాలో ఉండియు గమ్యము చేరలేకపోవుటయే ఒక ముఖ్య కారణము. ఆ అడ్డంకిని గూర్చియు, దానిని దాటుటకు జరుగుచున్న యత్నములను గూర్చియు, అందును ముఖ్యముగా జన్యుచికిత్సను గూర్చియు మేము ఇచ్చట కొంత విన్నవింపదలచితిమి.

జర్మనీ దేశమున పాల్ ఎర్లిక్ అను పండితుడు 1885 ప్రాంతమున జంతువుల నెత్తురులోనికి అద్దకపు రంగుల నెక్కించి చూచుచుండెను. కాలేయమునకు, మూత్రపిండములకు, కండలకు అన్నింటికిని రంగు పట్టెను. మెదడు మాత్రము తెల్లగానే మిగిలెను. మెదడు పదార్థమునకు రంగును పట్టు గుణము లేదు కాబోలునని ఆయన తలచెను. మహాపండితులకును పొరపాట్లు తప్పవు. ఆయన శిష్యుడగు ఎడ్విన్ గోల్డ్‌మన్ 1913లో ఆ ప్రయోగమునే తిరుగవేసెను. నీలపు రంగును నెత్తురులో గాక, మెదడును వెన్నుపామును తడుపుచుండు ద్రవములో కలిపెను. ఈసారి మెదడు నీలమయ్యెను. తక్కిన దేహమునకు రంగు అంటలేదు. అనగా మెదడు రంగును పట్టజాలనిది కాదు. నెత్తురునకును మెదడునకును నడుమ ఏదియో అడ్డు కలదన్నమాట. ఆ అడ్డు ఎచ్చట నున్నదో కంటితో చూచుటకు ఇంకను అర్ధశతాబ్దము పట్టెను. 1967లో రీస్, కార్నోవ్‌స్కీ అను ఇరువురు శాస్త్రజ్ఞులు అమెరికాలో ఎలక్ట్రాను సూక్ష్మదర్శినితో పరీక్షించి, మెదడులోని సన్నని రక్తనాళముల గోడలయందలి కణములు ఒకదానితో నొకటి సందు లేకుండ అతుకుకొని యున్నవని చూపిరి.

తక్కిన అవయవములలోని నాళపు గోడ తాటాకు తడిక వంటిది. నీరును, నీటిలో కరిగినవియు సందులగుండ ఊరుచుండును. మెదడులోనిది గచ్చు పూసిన గోడ. దీనికి వాకిళ్లు లేకపోలేదు. మెదడునకు ఆహారమైన చక్కెరకు ఒక వాకిలి, మాంసకృత్తులకు మూలమైన ఎమినో ఆమ్లములకు మఱియొక వాకిలి కలవు. క్రొవ్వులో కరగు చిన్న అణువులు వాకిలితో పనిలేకయే గోడలోనుండి జాఱిపోవును. సారాయి, కాఫీలోని కెఫీను, పొగాకులోని నికోటిను ఈ జాతివి. మనకు హితమైన మందులు వీధిలో నిలిచిపోవుటయు, ఇవి తిన్నగా నట్టింటికి పోవుటయు చూచినచో, ఈ కావలివాని న్యాయము మాకు కొంత వింతగానే తోచుచున్నది. తెలియక లోనికి జొచ్చిన కొన్ని మందులను పట్టి వెలుపలికి నెట్టు యంత్రాంగము సైతము ఆ కణములలో నున్నది. చిన్న అణువులతో చేసిన మందులలో నూటికి 98 వంతులు ఈ గోడను దాటజాలవని తఱచుగా చెప్పబడు ఒక అంచనా.

ఈ గోడ మూలమున కలిగిన కష్టము తెలుగువాని పేరుతో ముడివడిన ఒక మందు కథలో స్పష్టముగా కనబడును. భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో పరిశోధనలను నడపుచుండగా అచ్చట ఎమినాప్టెరిన్, మెథోట్రెక్సేటు అను మందులు తయారయినవి. రక్తపు క్యాన్సరుతో బాధపడు 16 మంది బిడ్డలకు ఎమినాప్టెరిన్ ఇచ్చి చూడగా 10 మందికి కొంతకాలము గుణము కనిపించినదని సిడ్నీ ఫార్బర్ అను వైద్యుడు 1948లో ప్రకటించెను. సుబ్బారావు గారు ఆ సంవత్సరముననే దివంగతులైరి. తరువాత మందులు మెఱుగైన కొలది నెత్తురు శుభ్రమగుచుండెను. కాని కొన్ని నెలలకు జబ్బు మరల తలయెత్తుచుండెను. ఎచ్చటనుండి? మెదడు పొరలనుండి. మందు చొరలేని ఆ చోట కొన్ని క్యాన్సరు కణములు దాగి కూర్చుండి, సమయము చూచి వెలికి వచ్చుచుండెను. మెంఫిస్ నగరమున డొనాల్డ్ పింకెల్ అను వైద్యుడు 1960 దశకమున తన బృందముతో కలిసి, తలకు కిరణచికిత్స చేసి, మెథోట్రెక్సేటును నడుము వద్ద సూదితో వెన్నుద్రవములోనికే ఎక్కించు పద్ధతిని అనుసరించెను. అంతవఱకు దాదాపు మరణదండన వంటిదైన ఆ జబ్బు, 1970 దశకారంభమునకు సుమారు సగముమంది బిడ్డలను విడిచిపెట్టెను. మందు క్రొత్తది కాదు. అది చేరిన దారి క్రొత్తది.

రెండవ ఉపాయము గోడను పగులగొట్టుట కాదు, ఉన్న వాకిలిగుండ మాఱువేషమున పోవుట. పార్కిన్సన్ వ్యాధిలో చేతులు వణకును, ఒడలు బిగిసికొనును. మెదడులో డోపమీను అను పదార్థము తఱుగుట దీనికి కారణము. స్వీడను దేశపు కార్ల్‌సన్ పండితుడు 1957లో కుందేళ్లకు రెసెర్పీను ఎక్కించి కదలలేకుండ చేసెను. ఈ రెసెర్పీను మన సర్పగంధి వేరునుండి వచ్చినదే. డోపమీను నెత్తురులో కలిపినను మెదడునకు చేరదు గనుక, దానికి పూర్వరూపమైన డోపాను ఇచ్చెను. కుందేళ్లు లేచి తిరుగసాగెను. డోపా ఎమినో ఆమ్లము గావున ఎమినో ఆమ్లముల వాకిలిగుండ లోనికి పోవును. పోయినపిమ్మట ఒక ఎంజైము దానిని డోపమీనుగా మార్చును. వియన్నాలో 1961లో రోగులకు ఈ డోపాను ఇచ్చి చూచిరి. 1967లో కోట్జియాస్ అను వైద్యుడు పెద్ద మోతాదులతో నిలకడగల ఫలితము సాధించెను. డోపా మనకు పరాయిది కాదు. చెన్నపట్టణమున దామోదరన్, రామస్వామి అను శాస్త్రజ్ఞులు దూలగొండి గింజలనుండి దానిని వేఱుచేసి 1937లోనే ప్రకటించియుండిరి. తోటలో తగిలిన ఒడలెల్ల దురద పుట్టించు ఆ దూలగొండియే!

ఇక జన్యుచికిత్స. పైన చెప్పిన ఎంజైము పుట్టుకతోనే లేని శిశువులు బహు అరుదుగా ఉందురు. వారికి డోపా ఎంత ఇచ్చినను లాభము లేదు, దానిని మార్చువాడు లేడు గనుక. మెడ నిలువదు, గంటలకొలది కనుగ్రుడ్లు పైకి తిరిగిపోవును. దేహములోని ప్రతి ఎంజైమును ఎట్లు చేయవలెనో తెలుపు వ్రాత జన్యువు. ఆ వ్రాతలో తప్పున్నచో, తప్పులేని ప్రతి నొకదానిని కణములోనికి పంపుటయే జన్యుచికిత్స. పంపుటకు బండి వైరసు. కణములోనికి చొరబడుట వైరసునకు పుట్టుకతో వచ్చిన విద్య. దాని సొంత వ్రాతను తీసివేసి మనకు కావలసిన వ్రాతను అందుంతురు. నేడు ఎక్కువగా వాడుచున్నది ఏఏవీ అను చిన్న వైరసు. ఇది మనుష్యులకు జబ్బు కలిగించునట్లు తెలియదు. దీనిలో సుమారు 4,700 అక్షరముల వ్రాత మాత్రమే పట్టును. అంతకు మించిన పెద్ద జన్యువులకు ఈ బండి చాలదు.

తైవాను జాతీయ విశ్వవిద్యాలయపు వైద్యశాలలో వైద్యులు పుఱ్ఱెకు చిన్న రంధ్రములు చేసి, ఏఏవీని మెదడులోని ఒక నిర్ణీత స్థలమున ఎక్కించిరి. నలుగురు బిడ్డలకు అట్లు చేసిన ఫలితమును 2012లో ప్రకటించిరి. మంచమునకు అంటుకొనియున్న బిడ్డలు తల కదల్చుట, క్రమముగా కూర్చుండుట నేర్చిరి. ఈ చికిత్సకు 2022లో ఐరోపాలోను, 2024లో అమెరికాలోను అనుమతి లభించినది.

కాని ప్రతి జబ్బునకును పుఱ్ఱెకు రంధ్రము చేయుట సాధ్యము కాదు. వెన్నుపాములోని చలననాడులు నశించి కండలు కృశించు స్పైనల్ మస్క్యులర్ ఆట్రోఫీ అను వ్యాధి ఉన్నది. సుమారు పదివేల జననములలో ఒకరికి వచ్చును. తల్లిదండ్రు లిరువురును ఆరోగ్యవంతులే. ఇరువురిలోను దాగియున్న ఒక్కొక్క లోపము బిడ్డలో కలిసి జబ్బగును. దీనికి కారణమైన జన్యువును 1995లో పారిసులో గుర్తించిరి. తీవ్రరూపమున వచ్చినచో, చికిత్స లేనిదే బిడ్డలలో ఎక్కువమంది రెండవ యేడు చూడరు. ఇచ్చట బాగుచేయవలసిన నాడులు వెన్ను పొడుగునను పఱచుకొనియున్నవి. 2009లో అమెరికాలోని ఒహాయో రాష్ట్రపు శాస్త్రజ్ఞులు ఏఏవీ జాతులలో తొమ్మిదవది, ఎలుకపిల్లల నెత్తురులో ఎక్కించినపుడు గోడను దాటి నాడులను చేరుచున్నదని కనుగొనిరి. దానినే బండిగా చేసి 15 మంది శిశువులకు ఇచ్చిరి. 20 నెలల వయసునకు 15 మందియు శాశ్వతముగ శ్వాసయంత్రముతో పనిలేకుండ జీవించియుండిరని 2017లో ప్రకటించిరి. చికిత్స లేని పూర్వపు శిశువులలో అట్లు మిగిలినవారు నూటికి 8 మంది.

ఈ వార్త విని సంతోషింపని వారుండరు. అయినను మఱియొక ప్రక్కను చెప్పకపోవుట న్యాయము కాదు. 1999లో వేఱొక వైరసును వాడి చేసిన కాలేయవ్యాధి పరిశోధనలో ఒక 18 ఏండ్ల యువకుడు మరణించెను. ఆపిమ్మట ఈ శాస్త్రము చాలకాలము వెనుకంజ వేసెను. ఏఏవీ వలనను కాలేయము దెబ్బతిని బిడ్డలు మరణించిన సందర్భములు 2022లో బయటపడినవి. ఒకసారి ఎక్కించినపిమ్మట దేహము ఆ వైరసును గుర్తుపట్టును గనుక రెండవమాఱు ఇచ్చుటకు వీలుండదు. ఎలుకలలో జరిగినది మనుష్యులలో జరుగునన్న నమ్మకమును లేదు. 2016లో కాలిఫోర్నియాలో తయారుచేసిన ఒక క్రొత్త ఏఏవీ, ఎలుకల మెదడులో అద్భుతముగా ప్రవేశించెను. మఱియొక జాతి ఎలుకకు ఇచ్చి చూడగా ప్రవేశింపలేదు, కోతులలోను ప్రవేశింపలేదు. కారణము 2019లో తెలిసినది. అది పట్టుకొని లోనికి పోవు గడియ మొదటి జాతి ఎలుకల నాళములలో ఉన్నది, మనకు లేదు. నేటి పరిశోధకులలో ననేకులు మనుష్యుల గోడకు గల గడియలనే వెదకుచున్నారు. మఱికొందఱు సన్నని గాలిబుడగలను నెత్తురులో విడిచి, చెవికి వినబడని ధ్వనితరంగములను తలపై గుఱిపెట్టి, గోడను కొన్ని గంటలు మాత్రము తెఱచి మరల మూసికొననిచ్చు పద్ధతిని అభ్యసించుచున్నారు. టొరాంటో నగరమున 2015లో ఇది మొదటిసారి రోగికి జరిగినది.

గోడను దాటినను ఇంకొక గోడ మిగిలినది. ఒహాయోలో ఆరంభమైన ఆ చికిత్సకు 2019లో అమెరికాలో అనుమతి వచ్చినపుడు నిర్ణయించిన వెల 21 లక్షల డాలర్లకు పైమాటే. 2021లో హైదరాబాదు నగరమున ఒక బాలుని కొఱకు సుమారు 16 కోట్ల రూపాయలు కూడబెట్టవలసివచ్చెను. వేలకొలది అపరిచితులు చందాలిచ్చిరి. అందఱు తల్లిదండ్రులకును అట్టి అదృష్టము పట్టదు. దినదినము నాడులు నశించుచుండగా చందాపట్టీతో తిరుగవలసివచ్చుట కంటె కఠినమైన స్థితిని మేము ఊహింపజాలము. ఇదే జబ్బునకు వెన్నులో ఎక్కించు నుసినర్సెన్ 2016లోను, నోట పుచ్చుకొను రిస్డిప్లామ్ 2020లోను అమెరికాలో అనుమతి పొందినవి. ఇవి జన్యువును మార్చవు, బ్రతికినన్నాళ్లు వాడవలసినవి.

కాలము మాత్రము ఏ మందు కొఱకును ఆగదు. జబ్బు లక్షణములు కనబడకముందే నుసినర్సెన్ ప్రారంభించిన 25 మంది శిశువుల సంగతి 2019లో వెలువడినది: అందఱును బ్రతికియుండిరి, 22 మంది ఎవరి ఆసరాయు లేకుండ నడచిరి. పుట్టిన శిశువు మడమనుండి తీసిన నెత్తుటి బొట్టుతో ఈ లోపమును కనుగొనవచ్చును. అనేక దేశములలో ప్రతి శిశువునకును ఈ పరీక్ష జరుగుచున్నది. అది లేనిచోట తల్లి కన్నే పరీక్ష. మూడు నెలలు దాటినను మెడ నిలుపని బిడ్డ, కాళ్లు కప్పవలె చాచి కదల్చక పడియుండు బిడ్డ, ఏడ్పు సన్నగిల్లి పాలు త్రాగుటకే అలసిపోవు బిడ్డ ఇంట నున్నచో, కొందఱు బిడ్డలకు ఆలస్యముగా వచ్చునులెమ్మని పెద్దలు అన్నను ఆగక, ఆ వారములోనే పిల్లల వైద్యునికి చూపవలయును.