అన్నీనా, ఏదైనా ఒకటా?

బరంపురంలో మా చెల్లెలు పట్టుచీరలు అమ్ముతుంది. ఈమధ్య షాపిఫైలో ఆన్‌లైన్ దుకాణం తెరిచింది. మూడువందల చీరలు ఒక్కొక్కటీ సర్దలేక, "లెక్కల మనిషివి, నువ్వే చూడు అన్నయ్యా" అంది.

చూస్తే, సర్దనే అక్కర్లేదు! ఫలానా ట్యాగు, ఇంత లోపు ధర అని షరతులు రాస్తే చాలు. సరిపోయే చీరలు వాటంతటవే ఆ కలెక్షన్‌లో చేరతాయి. ధర పెంచితే తప్పుకుంటాయి. రేపు పెట్టబోయే చీరకైనా ఇంతే.

"పండుగ" ట్యాగు, ధర 3,000 లోపు అని రెండు షరతులు రాశాను. రెండూ కుదరాలంటే "అన్నీ" అని ఎంచాలి. నేను "ఏదైనా ఒకటి" నొక్కాను. జాయింటు ఖాతా తెరిచేవాళ్లను "ఇద్దరి సంతకమా, ఎవరో ఒకరిదా?" అని ముప్ఫై ఏళ్లుగా అడిగినవాణ్ణి!

పండుగ ట్యాగున్న పెళ్లిచీరలూ అందులో చేరాయి. ఆ కలెక్షన్‌కు 20 శాతం తగ్గింపు. తెల్లారేసరికి 12,000 రూపాయల చీర 9,600కి పోయింది.

రద్దు చేద్దామన్నాను. "కొన్నావిడ తప్పేముంది?" అంటూ చెల్లెలు చీర మడత పెట్టింది. ఆ 2,400 నేనిస్తానంటే పుచ్చుకోలేదు. ఇప్పుడు కలెక్షన్‌లో అన్నిటికన్నా ఖరీదైన చీర ఏదో చూశాకే తగ్గింపు పెడుతున్నాను.