నీటిమట్టమే కొలమానం కావాలి
శ్రీశైలం జలాశయంలో వినోద వసతులకు ప్రణాళిక ఎలా ఉండాలి?

శ్రీశైలం: నల్లమల కొండల నడుమ కృష్ణమ్మ నిండుకుండలా కనిపించే వేళ శ్రీశైలానికి జనం పోటెత్తుతారు. డ్యాం గేట్లు ఎత్తారన్న వార్త అందితే ఘాట్‌రోడ్డుపై కిలోమీటర్ల కొద్దీ వాహనాలు బారులు తీరడం పరిపాటి. పాతాళగంగ వద్ద రోప్‌వే, అక్కమహాదేవి గుహలకు బోటు ప్రయాణం ఇప్పటికే ఆదరణ పొందాయి. 2024 నవంబరు 9న విజయవాడ నుంచి ప్రయోగాత్మకంగా సీప్లేన్ ఇక్కడి జలాశయంలో దిగింది. దీంతో వినోద వసతుల విస్తరణపై ఆశలు పెరిగాయి. అయితే కొండల మధ్యనున్న జలాశయంలో వసతులు కల్పించడం మైదానంలో పార్కు కట్టినంత తేలిక కాదు.

51 అడుగుల తేడా
జలాశయం పూర్తి నీటిమట్టం 885 అడుగులు. విద్యుదుత్పత్తికి కనీస మట్టం 834 అడుగులు. అంటే ఒకే ఏడాదిలో నీరు 51 అడుగుల మేర, సుమారు 15 మీటర్లు, పైకీ కిందికీ కదిలే అవకాశం ఉంది. ఆగస్టులో నీటి అంచున కట్టిన మెట్లు వేసవిలో గాలిలో వేలాడతాయి. వేసవిలో కట్టినవి వరదకు మునుగుతాయి. అందువల్ల స్థిరమైన కాంక్రీటు కట్టడాల కంటే నీటితోపాటు లేచి దిగే తేలియాడే జెట్టీలే ఇక్కడ సరిపోతాయి. వృద్ధులు, పిల్లలు బోటు ఎక్కే చోటికి చేరేందుకు అన్ని మట్టాల్లోనూ దారి ఉండాలి.

శాశ్వత కట్టడాలను 885 అడుగుల గీతకు చాలా ఎగువన నిర్మించాలి. 2009 అక్టోబరు వరదే ఇందుకు నిదర్శనం. నాడు 25 లక్షల క్యూసెక్కులకు పైగా ప్రవాహం పోటెత్తి, పూర్తి మట్టాన్ని దాటి నీరు చేరింది. డ్యాం రూపకల్పనలో లెక్కించిన వరద 19 లక్షల క్యూసెక్కులే.

భద్రతే మొదటి మెట్టు
2017 నవంబరు 12న కృష్ణాజిల్లా ఫెర్రీఘాట్ వద్ద, 2019 సెప్టెంబరు 15న గోదావరిపై కచ్చులూరు వద్ద జరిగిన బోటు ప్రమాదాలు ఎన్నో కుటుంబాలను శోకసంద్రంలో ముంచాయి. కచ్చులూరులో సుమారు 50 మంది మరణించారు. నది వరద మీదున్న వేళ ఆ ప్రయాణం సాగింది. శ్రీశైలంలో ఏ మట్టం, ఎంత ప్రవాహం ఉంటే బోట్లు ఆపాలన్నది ముందే రాసిపెట్టుకోవాలి. ఆ నిర్ణయం టిక్కెట్లు అమ్మేవారి చేతిలో ఉండరాదు. నీటిపారుదల అధికారుల సమాచారం నేరుగా రేవుకు చేరాలి. లైఫ్‌జాకెట్ లేనిదే ఎవరినీ బోటు ఎక్కించరాదు. జలాశయంలో మొసళ్లు కూడా ఉన్నందున స్నానాలకు కంచె వేసిన ఘాట్లు వేరుగా కేటాయించాలి.

అడవి గీసిన హద్దు
ఈ ప్రాంతం నాగార్జునసాగర్-శ్రీశైలం పులుల అభయారణ్యంలో భాగం. ఎదుటి గట్టున తెలంగాణ పరిధిలో అమ్రాబాద్ అభయారణ్యం ఉంది. పులుల కీలక ఆవాసంలో పర్యాటకం కోసం కొత్త కట్టడాలు వద్దని జాతీయ పులుల సంరక్షణ సంస్థ 2012లో మార్గదర్శకాలు ఇచ్చింది. రాత్రివేళ అటవీ రహదారులపై వాహనాలకు ఆంక్షలున్నాయి. కాబట్టి బస, భోజనశాలలు, పార్కింగ్ వంటివి ఇప్పటికే జనావాసాలున్న శ్రీశైలం, సున్నిపెంటలకే పరిమితం చేయడం మేలు. అడవి దారిలో సందర్శకులు పారేసే ప్లాస్టిక్‌ను వెనక్కి తెచ్చే ఏర్పాటు లేకుండా ఒక్క బోటు కూడా పెంచరాదు.

స్థానికులకు దక్కేదేమిటి?
ఈ నీటి అడుగున ఊళ్లున్నాయి. జలాశయం కోసం 1981 ప్రాంతంలో సుమారు 100 గ్రామాలు ఖాళీ అయ్యాయి. ఇళ్లు, పొలాలు కోల్పోయిన వారి వారసుల్లో కొందరు నేడు ఇదే నీటిలో వలలు వేసి బతుకుతున్నారు. బోట్ల దారి వలల మీదుగా సాగితే వారి పొట్ట కొట్టినట్లే. బోట్లు తిరిగే మార్గాలను, చేపలు పట్టే చోట్లను ముందే విడదీసి గుర్తులు పెట్టాలి. అడవిని అరచేతి గీతల్లా ఎరిగిన చెంచులకు మార్గదర్శకులుగా, మత్స్యకారులకు బోటు సిబ్బందిగా తొలి అవకాశం ఇవ్వాలి.

నీటిపారుదల, అటవీ, పర్యాటక, దేవాదాయ శాఖలు విడివిడిగా వేసుకునే పథకాలతో ప్రయోజనం లేదు. నాలుగు శాఖలూ ఒకే పటం ముందు కూర్చుని, ముందుగా నీటిమట్టం గీత, తర్వాత అడవి హద్దు, ఆపై వలల చోట్లు గుర్తించాలి. మిగిలిన స్థలమే వినోదానికి. అది కొంచెమే అయినా, వచ్చినవారు క్షేమంగా ఇంటికి చేరే చోటు అదే అవుతుంది.