అక్షరము లావైనంత మాత్రమున హెచ్చరిక యగునా?

పెండ్లి శుభలేఖ చేతికి రాగానే మనము వధూవరుల పేర్లు, ముహూర్తము, వివాహ వేదిక చూచుకొందుము. వీనిలో ఏది యేదియో ఎవ్వరును మనకు చెప్పనక్కరలేదు. ఎర్రసిరాతో అచ్చు వేసినను, నల్లసిరాతో అచ్చు వేసినను ముహూర్తము ముహూర్తమే. ఆ శుభలేఖనే కంప్యూటరుపై వర్డు ప్రాసెసరులో కూర్చినప్పుడు యంత్రమునకు తెలియునది వేరు. ఈ పంక్తి నడుమ నుండవలెను, ఈ మాట ఎర్రగా నుండవలెను, ఈ అక్షరములు లావుగా నుండవలెను అనునంత వరకే దాని యెరుక. అది ముహూర్తమను సంగతి దానికి తెలియదు.

శుభలేఖ విషయమున దీనివలన వచ్చు నష్టమేమియు లేదు. మందుపెట్టెలో మడతపెట్టి యుంచు సన్నని కాగితము సంగతి యట్లు కాదు. ఆ మందు ఏ వ్యాధికి వాడవలెను, మోతాదు ఎంత, ఎవరు వాడరాదు, ఎట్టి దుష్ఫలితములు కలుగవచ్చును అను విషయములు అందు గలవు. అమెరికా దేశమున కొన్ని మందుల కాగితములపై, మిక్కిలి తీవ్రమైన అపాయమును తెలుపు హెచ్చరికను నల్లని గీతల చట్రములో ముద్రింతురు. వర్డు పత్రములో అది చుట్టును గీతలు గల ఒక పేరా మాత్రమే. కంపెనీ చిరునామా చుట్టు గీసిన గీతలకును, ప్రాణాపాయమును తెలుపు మాటల చుట్టు గీసిన గీతలకును యంత్రము దృష్టిలో భేదము లేదు. “ఇట్టి హెచ్చరిక గల మందులన్నిటిని చూపుము” అని యడిగినచో అది చూపజాలదు.

ఇట్టి ప్రశ్నలు ఊరక పుట్టినవి కావు. 2005 ఏప్రిల్ నెలలో అమెరికా ఆహార, ఔషధ పరిపాలన సంస్థ, ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ మొదలగు నొప్పి నివారణ మందులలో వైద్యుని చీటీపై అమ్మువాని కన్నిటికిని, గుండెకును జీర్ణకోశమునకును కలుగగల అపాయమును తెలుపు చట్రపు హెచ్చరికను చేర్చవలసినదిగా తయారీదారులను కోరినది. ఒక్క నిర్ణయముతో అనేక కంపెనీల కాగితములు మారవలసి వచ్చినవి. మారినవేవో, మారనివేవో తేల్చుటకు ఒక్కొక్క కాగితమును మనిషి కూర్చుండి చదువవలసినదేనా?

ఆ సంవత్సరమే అక్టోబరు 31వ తేదీ నుండి ఆ సంస్థ మందుల వివరములను స్ట్రక్చర్డ్ ప్రోడక్ట్ లేబెలింగ్ అను పద్ధతిలో స్వీకరింప నారంభించినది. ఈ పద్ధతిలో పత్రమంతయు అంగములుగా విభజింపబడి యుండును. ప్రతి అంగమునకును అది యేమియో తెలుపు గుర్తు గలదు. చట్రపు హెచ్చరికకు 34066-1 అనియు, మోతాదునకు 34068-7 అనియు, మందు వాడరాని సందర్భములకు 34070-3 అనియు సంకేతములు. గీతలు ఉన్నను, లేకున్నను, అక్షరములు లావైనను, సన్నవైనను 34066-1 గుర్తు గల అంగము హెచ్చరికయే. ఇట్టి పత్రములను అమెరికా జాతీయ వైద్య గ్రంథాలయము డైలీమెడ్ అను పేర ఎల్లరకును అందుబాటులో నుంచినది. హైదరాబాదు కేంద్రముగా గల డాక్టర్ రెడ్డీస్, అరబిందో కంపెనీలు ఆ దేశమున అమ్ము మందుల వివరములును అందు గలవు.

ఈ ఆలోచన పాతదే. 1969 ప్రాంతమున ఐ.బి.ఎం. కంపెనీలో గోల్డ్‌ఫార్బ్, మోషర్, లోరీ అను మువ్వురు న్యాయశాస్త్ర పత్రములను కంప్యూటరులో భద్రపరచి వెదకు పనిలో దీనిని రూపొందించిరి. వారి పేర్ల మొదటి అక్షరములతోనే దానికి జి.ఎం.ఎల్. అను పేరు వచ్చినది. దాని నుండి 1986లో ఎస్.జి.ఎం.ఎల్. అను అంతర్జాతీయ ప్రమాణమును, 1998లో ఎక్స్.ఎం.ఎల్. అను సులభ రూపమును వెలువడినవి. మందుల పత్రములు ఈ ఎక్స్.ఎం.ఎల్. లోనివే. యంత్రముల వాడుక పుస్తకములకై ఐ.బి.ఎం. వారే కల్పించిన డీటా అను పద్ధతియు దీనిపై నిలిచినదే. అది 2005లో ప్రమాణముగా ఆమోదము పొందినది.

ఇచ్చట ఒక సందేహము కలుగవచ్చును. 2007 నాటి నుండి వర్డు పత్రములు సైతము లోపల ఎక్స్.ఎం.ఎల్. గానే భద్రమగుచున్నవి గదా, ఇంక మార్చవలసిన దేమున్నది? అందలి గుర్తులు “ఇది పేరా”, “ఇవి లావు అక్షరములు” అని చెప్పునే కాని, “ఇది హెచ్చరిక”, “ఇది మోతాదు” అని చెప్పవు. భాష ఒక్కటే యైనను చెప్పు సంగతి వేరు. కావున మార్పిడి యనగా ఒక ఫైలును మరియొక ఫైలుగా చేయుట కాదు. పత్రము కంటికి ఎట్లు కనబడునో తెలుపు గుర్తులను తీసి, ప్రతి భాగమును ఏమియో తెలుపు గుర్తులను పెట్టుట.

ఈ పని వరుసగా సాగును. మొదట ఉన్న పత్రములన్నిటిని పోగుచేసి, పాతవానిని, రెండుమారులు వచ్చినవానిని ఏరివేయుదురు. పిదప, వర్డులోని ఏ శీర్షిక ఏ అంగమగునో తెలుపు పట్టిక నొకదానిని వ్రాసికొందురు. కొలది పత్రములను ఆ పట్టిక ప్రకారము మార్చి చూచి, దోషములు దిద్దుకొని, తరువాతనే తక్కినవానిపై చేయివేయుదురు. వ్రాసినవారు శీర్షికలకు వర్డులోని శీర్షిక స్టైలునే వాడియున్నచో ఈ పనిలో చాలభాగము యంత్రమే చేయును. శీర్షికను చేతితో లావుచేసి యున్నచో, అది శీర్షికయో, నొక్కిచెప్పిన మాటయో యంత్రమునకు తెలియదు.

చిక్కులలో పెద్దది పట్టికలది. పెక్కుమంది ఖాళీ మీటను పలుమార్లు నొక్కి, వయస్సు, బరువు, మోతాదు అను నిలువు వరుసలను కంటికి సరిపోవునట్లు అమర్చెదరు. మార్పిడిలో వరుసగా నున్న ఖాళీలన్నియు ఒక్క ఖాళీగా కుదించుకొని పోవచ్చును. అంతట పసిబిడ్డ మోతాదు పెద్దవాని వయస్సు ప్రక్కకు చేరవచ్చును. “5.1 చూడుడు” అని చేతితో కొట్టిన సూచనలదియు ఇదే గతి. మధ్యలో నొక భాగము చేరి అంకెలు జరిగినప్పుడు ఆ సూచన మరియొక చోటికి త్రోవ చూపును.

మార్చిన పత్రము నియమముల ప్రకార మున్నదో లేదో యంత్రమే పరీక్షించును. ఉండవలసిన అంగము లేకున్న, ఉండరాని చోట నున్న, అది తప్పు పట్టును. కాని దాని పరీక్ష ఆకారమునకే పరిమితము. హెచ్చరిక మాటలను ఎవరైనను మోతాదు అంగములో పెట్టినచో, అంగములన్నియు సక్రమముగా నున్నవి కావున యంత్రము సరే యనును. అందుచేత ఆ విషయము తెలిసిన మనిషి, పాత పత్రమును క్రొత్త పత్రమును ప్రక్కప్రక్కన పెట్టుకొని చదువుట తప్పదు. కంప్యూటరు పనివారు మాత్రమే తలపడి చేయదగిన కార్యము కా దిది. మందుల విషయమున ఔషధశాస్త్రము తెలిసినవారును కూడ కూర్చుండవలెను.

తెలుగు పత్రములకు దీనికి ముందు మరియొక మెట్టు గలదు. 1991లో వెలువడిన యూనికోడ్ మొదటి ప్రమాణములోనే తెలుగు అక్షరములకు స్థానము లభించినను, మన ప్రచురణలు పెక్కు చాలకాలము పాత ఫాంటులతోనే సాగినవి. వానిలో ఇంగ్లీషు అక్షరముల స్థానములలో తెలుగు అక్షరముల రూపములు కూర్చబడియుండును. ఫాంటు మార్చగానే చక్కని తెలుగు వాక్యము అర్థములేని ఇంగ్లీషు అక్షరముల గుంపుగా మారును. అచ్చట యంత్రమునకు హెచ్చరిక మాట యటుంచి, అది తెలుగను సంగతియు తెలియదు. అట్టి పత్రమును ముందు యూనికోడ్‌లోనికి మార్చి, గుణింతములను, ఒత్తులను సరిచూచి, ఆ తరువాతనే అంగముల విభజనకు పూనుకొనవలెను.

ఇంటిలో కంప్యూటరు గల ప్రతివారును నేడే చేయదగిన దొకటి గలదు. సంఘపు నియమావళి గాని, వంటల పుస్తకము గాని, కుటుంబ చరిత్ర గాని వ్రాయునప్పుడు, శీర్షికకు శీర్షిక స్టైలును, పట్టికకు పట్టికను, వరుస అంకెలకు వర్డు తానే యిచ్చు అంకెలను వాడుడు. యూనికోడ్ తెలుగులో వ్రాయుడు. కాగితముపై చూచుటకు తేడా యేమియు కనిపింపదు. పదియేండ్ల తరువాత ఆ పత్రమును మరియొక రూపమునకు మార్చవలసి వచ్చినప్పుడు మాత్రము, ఏది శీర్షికయో, ఏది అంకెయో ఊహింపవలసిన శ్రమ మరియొకరికి తప్పును.