అప్‌డేట్‌తో వచ్చే నాలుగు మాటలు

ఫోనులోని యాప్‌కు అప్‌డేట్ వచ్చినప్పుడల్లా, ఏమి మారిందో చెప్పే చిన్న వివరణ ఒకటి దాని వెంట వస్తుంది. "లోపాలు సవరించాము, వేగం పెంచాము" అని నెలనెలా అదే పాట పాడితే ఎవరు మాత్రం చదువుతారు?

చదవకపోతే నష్టమేమిటంటారా? 2019 మే నెలలో వాట్సాప్‌లో పెద్ద లోపం బయటపడింది. కాల్ వస్తే చాలు, ఎత్తకపోయినా సరే, ఫోనులోకి గూఢచారి ప్రోగ్రాము చొరబడగలిగేది. సవరణ వచ్చింది. కాని ఐఫోనులో దాని వెంట వచ్చిన వివరణ స్టిక్కర్ల ముచ్చట చెప్పిందే గాని, ఈ లోపం మాట ఎత్తలేదు! అసలు సంగతి చాలామందికి పత్రికల వల్ల తెలిసింది.

వివరణ ఆకర్షణీయంగా ఉండడమంటే చమత్కారాలు గుప్పించడం కాదు. ముఖ్యమైన సంగతి మొదట రావలెను, ఇంటి మాటల్లో రావలెను. "మీ ఫోనులోకి దొంగదారి ఒకటి ఉండేది, మూసివేశాము, ఈ రోజే అప్‌డేట్ చేసుకోండి" అంటే అవ్వకు కూడా అర్థమవుతుంది. గూగుల్ ప్లేలో ఇందుకు ఒక్కొక్క భాషకు 500 అక్షరాల చోటున్నది, తెలుగులోనూ వ్రాయవచ్చును.

బెంగుళూరు, చెన్నై, పూణేలలో ఈ పని చేస్తున్న మన పిల్లలకు ఒక్క మాట: వ్రాసినది ముందుగా అమ్మకు చదివి వినిపించండి. "అయితే ఇప్పుడే చేసిపెట్టరా" అన్నదా, మీ వివరణ బాగున్నట్టే.