గోడ ఉందా, కరిగిందా?

సూళ్లూరుపేటలో ఎక్స్‌రేల పాఠం చెబుతుంటే వెనక బెంచీ అమ్మాయి లేచి అడిగింది: "సార్, మా తమ్ముడికి చెవిలో చీము పట్టి చెవి వెనక వాచింది. డాక్టరుగారు సీటీ తీయించమన్నారు. చెయ్యి విరిగితే ఒక్క ఎక్స్‌రేతో తెలుస్తుంది కదా, చెవికి ఎందుకంత పెద్ద మెషీన్?"

మంచి ప్రశ్న. చెవి వెనక చేత్తో తడిమితే గట్టిగా తగిలే ఎముక పేరు మాస్టాయిడ్. పైకి గట్టిగా ఉన్నా లోపల అది తేనెతుట్టెలా ఉంటుంది. అన్నీ చిన్న చిన్న గదులు, వాటి నిండా గాలి, మధ్య మధ్య పలచని ఎముక గోడలు. నడిచెవిలో చీము పడితే ఈ గదుల్లోకీ పాకుతుంది. మామూలు ఎక్స్‌రేలో ఈ గదులన్నీ ఒకదాని నీడ మీద ఒకటి పడతాయి, పుర్రె నీడ వాటన్నిటి మీదా పడుతుంది. వెనకటి రోజుల్లో రెండో చెవి నీడ అడ్డం రాకుండా ఎక్స్‌రే గొట్టాన్ని వాల్చి, షూలర్ వ్యూ అనే ఫొటో తీసేవారు. అంత చేసినా ఏ గోడ నిలిచిందో, ఏది కరిగిందో తేల్చడం కష్టమే.

కోయకుండా లోపలిది చూడాల్సిన ఇదే చిక్కు మన పక్కనే, పులికాట్ సరస్సు అవతల శ్రీహరికోట రాకెట్ కేంద్రంలోనూ ఉంది. పీఎస్‌ఎల్‌వీ రాకెట్ మొదటి అంచెలో దాదాపు 139 టన్నుల ఘన ఇంధనం 5 సెగ్మెంట్లలో ఉంటుంది. అడ్డకొలత 2.8 మీటర్లు. ముద్దగా కలిపి పోసిన ఇంధనం రబ్బరులా గట్టిపడ్డాక లోపల బుడగ మిగిలినా, పగులు పడినా, గోడ నుంచి ఊడినా ప్రమాదమే. మంట అక్కడికి చేరితే మండే ఉపరితలం ఒక్కసారిగా పెరుగుతుంది, పీడనం హద్దు దాటుతుంది. కోసి చూసే వీలు లేదు. ఆసుపత్రి ఎక్స్‌రేలు అంత మందాన్ని దాటలేవు. అందుకే లీనియర్ యాక్సిలరేటర్‌తో పుట్టించిన శక్తిమంతమైన ఎక్స్‌రేలతో ఆ సెగ్మెంట్లను పరీక్షిస్తారు.

ఇంధనంలో గాలి ఉంటే లోపం. మాస్టాయిడ్‌లో గాలి పోతే లోపం. కిరణానికి ఈ తేడా తెలియదు. దారిలో ఎంత ఆగిపోయిందో, ఆ మొత్తం ఒక్కటే చెబుతుంది. ఆ మొత్తాల నుంచి లోపలి ఒక్కో చోటి విలువను రాబట్టడమే సీటీ.

దీన్ని తరగతిలో బల్ల మీదే చేయొచ్చు. పైన రెండు, కింద రెండు, నాలుగు గడులు గీసి ప్రతిదాంట్లో ఒక అంకె దాచండి. పై వరుస మొత్తం 12, కింది వరుస 8, ఎడమ నిలువు 11, కుడి నిలువు 9 అని మాత్రమే చెప్పండి. పైన 5, 7, కింద 6, 2 అని ఒక పిల్ల అంటుంది. పైన 4, 8, కింద 7, 1 అని ఇంకొకడు అంటాడు. రెండూ సరిపోతాయి! ఇప్పుడు పై ఎడమ నుంచి కింది కుడికి ఐమూలగా వచ్చే మొత్తం 7 అని చెప్పండి. రెండో జవాబు ఎగిరిపోతుంది. కొత్త కోణం ఒక్కటి దొరికితే చాలు, దాగిన అంకెలు బయటపడతాయి.

ఇంగ్లండ్‌లో ఈఎంఐ కంపెనీ ఇంజనీరు గాడ్‌ఫ్రీ హౌన్స్‌ఫీల్డ్ చేసింది ఇదే, కాకపోతే గడులు 80 వరుసలు, 80 నిలువులు. 180 కోణాల నుంచి కోణానికి 160 చొప్పున 28,800 కొలతలు. ప్రయోగశాలలో లేతు మిషను బెడ్ మీద కట్టిన ఆయన తొలి పరికరానికి ఒక్క కోత, అంటే ఒక్క పలచని పొర బొమ్మ, కొలవడానికే 9 రోజులు, లెక్క కట్టడానికి పెద్ద కంప్యూటర్ మీద రెండున్నర గంటలు పట్టేది. 1971 అక్టోబరు 1న వింబుల్డన్‌లోని అట్కిన్సన్ మోర్లీ ఆసుపత్రిలో తొలి రోగి తలను స్కాన్ చేశారు. సరిగ్గా 8 రోజులకు, అక్టోబరు 9న, శ్రీహరికోట నుంచి తొలి రాకెట్, రోహిణి-125, లేచింది.

హౌన్స్‌ఫీల్డ్ దారి సర్దుబాటు దారి. ఒక ఊహ వేసి, కొలతలతో పోల్చి, తేడాను సరిదిద్దుతూ పోవడం. నాకు అంతకన్నా ప్రాణమైన దారి మనవాళ్లది. జి.ఎన్. రామచంద్రన్, ఎ.వి. లక్ష్మీనారాయణన్ అదే 1971లో దాన్ని ప్రచురించారు. ప్రతి కోణంలో వచ్చిన నీడను వచ్చిన దారినే వెనక్కి కాగితమంతా పూస్తే, పూతలు కలిసిన చోట వస్తువు తేలుతుంది. కానీ ఏమీ లేని చోట కూడా పూత అంటుకుని బొమ్మ అలుక్కుపోతుంది. పూయకముందే నీడను సవరించండి అన్నారు వాళ్లు. ప్రతి కొలతలో నాలుగో వంతు తీసుకోండి. అందులోంచి ఇరుపక్కల మొదటి కొలతల్లో దాదాపు పదో వంతు చొప్పున తీసేయండి. రెండోవాటిని ముట్టకండి. మూడోవాటిలో ఆ పదో వంతుకు తొమ్మిదో భాగం చొప్పున తీసేయండి, నాలుగోవాటిని వదలండి, అలా పోతూ ఉండండి. తీసేసే వంతులన్నీ కూడితే సరిగ్గా నాలుగో వంతే అవుతుంది! అంటే నీడ ఎటు చూసినా ఒకేలా ఉంటే మిగిలేది సున్నా. నీడ మారే చోట, అంచు దగ్గరే ఏదైనా మిగులుతుంది. పైగా అన్ని కోణాలూ వచ్చేదాకా ఆగనక్కర్లేదు, వచ్చినదాన్ని వచ్చినట్టే సవరించి పూయొచ్చు. రేడియో ఖగోళంలో బ్రేస్‌వెల్ కూడా ఇలాంటి లెక్కకే చేరాడు. రామచంద్రన్, లక్ష్మీనారాయణన్ పేర్లు కలిపి ఈ ఫిల్టర్‌ను ఇప్పటికీ రామ్-లాక్ అనే పిలుస్తారు.

ఆ అమ్మాయి తమ్ముడి చెవికి కావలసింది ఈ అంచులే. చెవి సీటీలో అర మిల్లీమీటరు దరిదాపు మందంలో కోతలు తీసి, అంచులను మరింత పదును చేసే బోన్ ఫిల్టర్‌తో బొమ్మ కడతారు. హౌన్స్‌ఫీల్డ్ పేరిట ఉన్న కొలమానంలో గాలి మైనస్ 1000, నీరు 0, గట్టి ఎముక 1000 పైచిలుకు. గదుల్లో గాలి పోయి నీరో చీమో చేరడం మామూలు చెవి ఇన్ఫెక్షన్‌లోనూ జరుగుతుంది, అది కనిపించినంత మాత్రాన కంగారు పడక్కర్లేదు. గోడలు కరిగి గదులు కలిసిపోయాయా, మెదడు వైపు పలచని పలక చిల్లు పడిందా, పక్కనున్న పెద్ద సిర వైపు ఎముక అరిగిందా అన్నదే అసలు ప్రశ్న. చర్మం కింద చీముగడ్డ, సిరలో రక్తపు గడ్డ ఉన్నాయేమో చూడ్డానికి కాంట్రాస్ట్ మందు ఎక్కిస్తారు. ఇన్ఫెక్షన్ మెదడుకు పాకిందన్న అనుమానం ఉంటే ఎమ్మారై మరింత స్పష్టంగా చూపిస్తుంది.

తర్వాతి చరిత్ర చకచకా నడిచింది. ఈ గణితాన్ని ముందే కట్టి 1963, 64లలో ప్రచురించినా ఎవరూ పట్టించుకోని అలన్ కార్మాక్, హౌన్స్‌ఫీల్డ్ కలిసి 1979లో నోబెల్ అందుకున్నారు. స్పైరల్ సీటీ వచ్చి స్కాన్ సెకన్లకు దిగింది. కంప్యూటర్ల బలం పెరిగాక హౌన్స్‌ఫీల్డ్ సర్దుబాటు పద్ధతి కూడా కొత్త రూపంలో తిరిగొచ్చి, తక్కువ రేడియేషన్‌తోనే బొమ్మ కడుతోంది.

అలాగని ప్రతి చెవిపోటుకూ స్కాన్ అక్కర్లేదు. పిల్లల ఒంటికి రేడియేషన్ ఎంత తగ్గితే అంత మంచిది. కానీ చెవి వెనక ఎర్రగా వాచి చెవి ముందుకు తోసుకొచ్చినా, ముఖం ఒక పక్కకు వంకరపోయినా, చీముతో పాటు తీవ్రమైన తలనొప్పి, వాంతులు, మత్తు ఉన్నా, గోరువెచ్చని నూనె చుక్కలతో సరిపెట్టకండి. ఆ రోజే ఈఎన్‌టీ డాక్టరుకు చూపించండి.