ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఆయిల్ జీవితాంతం ఉండదు

కొత్త హ్యాచ్‌బ్యాక్ డబ్బుకి పదేళ్లు దాటిన బీఎండబ్ల్యూ 520డీ వస్తోందని చాలామంది ఎగబడి కొంటున్నారు. కొనడంలో తప్పేం లేదు. కానీ అమ్మేవాళ్లు, మధ్యవర్తులు, ఆఖరికి కొందరు మెకానిక్కులు కూడా ఒకటే మాట చెప్పి పంపుతున్నారు: “గేర్‌బాక్స్ ఆయిల్ లైఫ్‌టైమ్ సార్, దాన్ని ముట్టుకోకండి.” ఈ మాట నమ్మి బంగారం లాంటి గేర్‌బాక్సుల్ని చేజేతులా పాడుచేసుకుంటున్నారు. పాడయ్యాక బిల్లు లక్షల్లోకి పోతుంది.

బీఎండబ్ల్యూ తన సర్వీసు షెడ్యూల్లో ఈ ఆయిల్ మార్పు పెట్టని మాట నిజమే. అయితే ఆ గేర్‌బాక్స్ తయారుచేసింది జెడ్‌ఎఫ్ అనే మరో జర్మన్ కంపెనీ. తన ఎనిమిది గేర్ల 8హెచ్‌పీలో 80,000 నుంచి 1,20,000 కిలోమీటర్ల లోపు, లేదంటే ఎనిమిదేళ్లకి ఆయిల్ మార్చమని జెడ్‌ఎఫే చెబుతోంది. తయారుచేసినవాళ్ల కంటే బ్రోకరుకి ఎక్కువ తెలుసా?

ఆ ఆయిల్ పని పళ్లచక్రాలు అరగకుండా చూడటంతో అయిపోదు. క్లచ్ ప్లేట్లని నొక్కిపట్టేది దాని ఒత్తిడే, లోపలి వేడిని బయటికి మోసేదీ అదే. ప్లేట్లు అరిగిన పొడి అందులోనే కలుస్తుంది. ఫిల్టర్ ఆపలేనిది వాల్వ్ బాడీలోకి చేరి సోలనాయిడ్లని పట్టేస్తుంది. మే నెల ఎండలో, అమీర్‌పేట ట్రాఫిక్‌లో పాకే బండిలో ఆయిల్ ఇంకా త్వరగా మాడిపోతుంది. గేరు మారేటప్పుడు కుదుపు, రివర్స్ వేశాక కాస్త ఆగి కదలడం మొదటి లక్షణాలు. 8హెచ్‌పీ ఉన్న చాలా కార్లలో ఫిల్టర్, పాన్ కలిపి ఒకటే ప్లాస్టిక్ భాగం. ఆయిల్‌తో పాటు దాన్నీ మార్చాలి.

బీఎండబ్ల్యూ కాకుండా స్కోడా చూస్తుంటే, సూపర్బ్ డీజిల్‌లోని ఆరు గేర్ల డీఎస్‌జీకి (రెండు క్లచ్‌ల ఆటోమేటిక్ గేర్‌బాక్స్) 60,000 కిలోమీటర్లకోసారి ఆయిల్ మార్పు షెడ్యూల్లోనే ఉంది. బిల్లు చూపించకపోతే మార్చలేదనే లెక్కేసుకోండి. పెట్రోల్ 1.8 టీఎస్ఐలో ఉన్నది ఏడు గేర్ల పొడి క్లచ్ డీఎస్‌జీ. అక్కడ భయపడాల్సింది గేర్లని, క్లచ్‌లని నడిపే మెకట్రానిక్ యూనిట్ గురించి. దాన్ని మార్చిన బిల్లు కనబడితే ఆ బండికి నా లెక్కలో ఒక మార్కు ఎక్కువే.

“ఆయిల్ మార్చిన వారానికే గేర్‌బాక్స్ పోయింది” అనే మాటలో మాత్రం కొంత నిజం ఉందని ఒప్పుకోక తప్పదు. ప్లేట్లు అరిగిపోయి జారుతున్న గేర్‌బాక్స్‌ని కొత్త ఆయిల్ బతికించలేదు. మెషిన్ పెట్టి ఒత్తిడితో కడిగితే పేరుకున్న మడ్డి కదిలి సన్నని దారులకి అడ్డుపడే ప్రమాదమూ ఉంది. కానీ ఆ గేర్‌బాక్స్‌ని చంపింది అంతకు ముందు ఏళ్ల తరబడి మార్చని పాత ఆయిలే. అలాంటి బండిని అసలు కొనకూడదు.

గేర్‌బాక్స్ ఆయిల్ ఒక్కటే కాదు, నమ్మకూడని మాటలు ఇంకా ఉన్నాయి. ఇంజన్‌లోని టైమింగ్ చెయిన్ బెల్టులా తెగదంటారు. బీఎండబ్ల్యూ ఎన్47 డీజిల్ ఇంజన్లలో అది సాగి తెగిపోవడం పేరుమోసిన జబ్బు. పైగా అది గేర్‌బాక్స్ వైపు ఉంటుంది కాబట్టి ఇంజన్నో గేర్‌బాక్స్‌నో దించకుండా మార్చలేరు. డిజిటల్ మీటర్ వెనక్కి తిప్పలేరన్నది శుద్ధ అబద్ధం, ల్యాప్‌టాప్ చాలు.

బండి చూడ్డానికి పొద్దున్నే వెళ్లండి, ఇంజన్ చల్లగా ఉండాలని ముందే చెప్పండి. బానెట్ మీద చెయ్యి పెడితే వేడిగా తగిలిందా, వేరే రోజు వస్తామనండి. చల్లటి స్టార్టింగ్‌లో ఇంజన్ వెనక వైపు నుంచి గరగర వినిపిస్తే ఎన్47 బండిని వదిలేయండి. కనీసం అరగంట నడిపి, బాగా వేడెక్కాక డి నుంచి ఆర్‌కి, ఆర్ నుంచి డికి మార్చి చూడండి. సీటు బెల్టు చివరిదాకా లాగితే బురద మరకలు కనబడొచ్చు. 2020లో హైదరాబాద్‌లో, 2024లో విజయవాడలో నీట మునిగిన కార్లన్నీ తుక్కుకి పోలేదు. ఛాసిస్ నంబరుతో ఆథరైజ్డ్ సర్వీస్ సెంటర్లో పాత రికార్డు అడగండి. బేరం ఆడేటప్పుడే గేర్‌బాక్స్ ఆయిల్, ఫిల్టర్ ఖర్చు ధరలోంచి తీసేయించి, రిజిస్ట్రేషన్ మీ పేరుకి మారేలోపే ఆ పని చేయించండి.