వార్తల్లో పదం: ఐస్ డ్యామ్

చలి ముదిరితే అమెరికా ఈశాన్య రాష్ట్రాల వార్తల్లో ‘ఐస్ డ్యామ్’ తరచూ వినిపిస్తుంది. ఇది ఇంటి చూరు వెంబడి గడ్డకట్టే మంచు గట్టు. శ్రీకాకుళం, విజయనగరాల్లో మనం చూసేది పొగమంచే. కానీ అక్కడ ఇల్లు కొనుక్కున్న పిల్లలున్న వాళ్లకు ఈ మాట తెలిసి ఉండాలి.

హీటర్ వేసిన ఇంట్లోని వేడి అటకలోకి చేరి కప్పును వెచ్చబరుస్తుంది. దాంతో మీదున్న మంచు అడుగు నుంచి కరిగి, నీరు వాలు వెంట జారుతుంది. చూరు గోడ దాటి బయటికి ఉంటుంది కాబట్టి దానికి ఆ వేడి అందదు. నీరు అక్కడ మళ్లీ గడ్డకడుతుంది. గట్టు పెరిగేకొద్దీ వెనక నీరు నిలుస్తుంది. కప్పు మీది తారు పలకలు (షింగిల్స్) కిందికి జారే వానను ఆపుతాయి గానీ, నిలిచి పైకి ఎగదన్నే నీటిని ఆపలేవు. సీలింగ్ మీద గోధుమరంగు మరక కనిపించేసరికి నీరు లోపలికి వచ్చేసినట్టే. 2014–15 చలికాలంలో బోస్టన్‌లో రికార్డు స్థాయిలో 110.6 అంగుళాల మంచు కురిసినప్పుడు ఇలా తడిసిన ఇళ్లు కోకొల్లలు.

చూరుకు వేలాడే మంచు ఊచలు ఫొటోకి అందంగానే ఉంటాయి, ముందు హెచ్చరిక కూడా అవే. నేల మీదే నిలబడి, పొడవాటి పిడి ఉన్న ‘రూఫ్ రేక్’తో చూరు దగ్గరి మంచును లాగేస్తారు. గొడ్డలితో గట్టును నరికితే షింగిల్స్ పగులుతాయి. నిచ్చెనెక్కడం మరీ ప్రమాదం. అసలు మందు అటకలోనే ఉంది: వేడి లీకయ్యే సందులు మూసి, ఇన్సులేషన్ పెంచి, గాలి ఆడేలా చూడటం.